రెండో మనిషి సామాను

ఆగస్టు 3

అన్నయ్యా,

ఉత్తరం చూసి ఎవరైనా పోయారేమోనని కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో మనిద్దరం మూడో నిమిషానికి పోట్లాడుకుంటాం. కాగితం మీదైతే పోట్లాటకి కనీసం వారం పడుతుంది కదా అని రాస్తున్నాను.

నాకో సైకిల్ కావాలి. నవంబరులో పన్నెండు రోజులు సెలవు పెట్టాను. నీ షాపులో చక్రాలు సరిచేసే స్టాండు పైన గోడకి ఒక మ్యాపు అంటించి ఉంటుందే, నువ్వు ఎర్ర పెన్సిల్‌తో గీసిన కొండదారి, ఆ దారిన సైకిల్ మీద వెళ్ళాలని ఉంది. నవ్వకు. పదిహేడేళ్ళుగా ఎక్స్‌రే గదిలో కిటికీ లేని నాలుగు గోడల మధ్య "ఊపిరి బిగపట్టండి, వదలండి" అని ఊళ్ళో జనానికంతా చెబుతున్నాను. ఒక్కసారి నేనూ ఊపిరి వదలాలనుకుంటున్నాను.

సైకిల్ నా ఒక్కదానికే. సామాను మాత్రం ఇద్దరికి. రెండో మనిషికి సైకిల్ ఉంది. అదీ నువ్వు కట్టిందే, కాబట్టి దాని గురించి బెంగ లేదు. ఎవరని ఇప్పుడు అడగకు. ధైర్యం వచ్చాక నేనే చెబుతాను.

ఏమేం పట్టుకెళ్ళాలో నాకు తోచిన లిస్టు వెనక పేజీలో రాశాను. మొత్తం ఇరవై మూడు కిలోలు తేలింది. సైకిల్ బరువు కాక. చూసి తిట్టు.

నీ చెల్లెలు


ఆగస్టు 9

పిడుగూ,

నీ లిస్టు చదువుతుంటే షాపుకొచ్చిన మనిషి "ఏమైందండీ, ఒక్కరే నవ్వుకుంటున్నారు" అని అడిగాడు. ఇస్త్రీపెట్టె ఎందుకే? కొండల మీద ఎవరికి చూపిస్తావు మడతలు? మడత కుర్చీ, రెండు దుప్పట్లు, మూడు జతల చెప్పులు. నువ్వు ఊరెళ్తున్నావా, ఇల్లు మారుతున్నావా?

సరే, విను. వంటింటి తూకం మిషను బయటికి తియ్యి. నువ్వు మోసుకెళ్ళాలనుకున్న ప్రతి వస్తువునీ దాని మీద పెట్టి, అంకె దాని పక్కన రాయి. రాయడం మొదలుపెడితే నీకే సిగ్గేస్తుంది. ఒంటి మీద ఒక జత, సంచిలో ఒక జత, అంతే బట్టలు. చలికోటు ఒకటి, వానకోటు ఒకటి. టూత్‌బ్రష్ పిడి సగానికి కోసెయ్యి. సబ్బు ముక్క చాలు. ఇద్దరి సామానూ కలిపి పద్నాలుగు కిలోలు దాటకూడదు. ఆ పైన ఒక్క కిలో ఉన్నా అది ఎక్కుడులో నీ మోకాళ్ళ పని పడుతుంది.

సైకిల్ సంగతి. కార్బన్ ఫ్రేము చూసి మోజు పడకు, అది విరిగితే ఆ కొండల్లో నీకు మిగిలేది ఏడుపే. అల్యూమినియం గతుకుల్లో ఒళ్ళు హూనం చేస్తుంది. నీకు ఉక్కు ఫ్రేమే కడతాను. అరకిలో ఎక్కువైనా సరే, ఏ మారుమూల వెల్డింగ్ షాపులోనైనా అతుకు పెడతారు. టైర్లు రెండంగుళాల వెడల్పువి. ముందు పళ్ళచక్రం చిన్నది, వెనకది పెద్దది, కూర్చుని తొక్కుతూనే ఎక్కేసేలా. క్యారియర్ వద్దు. మట్టిదారిలో దాని బోల్టులు రెండో రోజుకే వదులైపోతాయి. సామానంతా సంచుల్లో సర్ది సైకిల్‌కే కట్టేయాలి.

నీ కాలి కొలత పంపు. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, గట్టి అట్ట పుస్తకం కాళ్ళ మధ్య పైదాకా బిగించి, గోడ మీద గీత పెట్టుకుని, కింది నుంచి కొలువు. అందాజుగా రాశావో, ఫ్రేము తిప్పి పంపించేస్తాను.

ఆ రెండో మనిషెవరో నాకు అర్థమైందిలే. అడగను. నువ్వు చెప్పే రోజున ఆశ్చర్యపోయినట్టు మొహం పెడతాను, సరేనా.

మీ వదిన వెళ్ళిపోయిన ఈ మూడేళ్ళలో ఈ ఇంట్లో రేడియో తప్ప ఇంకేదీ నాతో మాట్లాడలేదు. నీ ఉత్తరం వచ్చాక కాస్త మనిషినయ్యాను.

అన్నయ్య


ఆగస్టు 16

అన్నయ్యా,

డెబ్బై నాలుగు సెంటీమీటర్లు. మూడుసార్లు కొలిచాను. పుస్తకం అట్ట చిరిగింది.

నీకు అర్థమైపోయిందని చదివి ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నీకు కోపం వస్తుందని ఎంత భయపడ్డానో తెలుసా? ఎన్నిసార్లు రాయాలనుకుని మానేశానో. నువ్వు అంత తేలిగ్గా తీసుకుంటావని అనుకోలేదు. మనిషివి మారావు అన్నయ్యా. చెప్పకూడదు గానీ, ఏడుపొచ్చింది.

లిస్టులో ఇస్త్రీపెట్టె కొట్టేశాను. కుర్చీ కొట్టేశాను. హెయిర్ డ్రైయర్ అసలు లిస్టులో రాయనే లేదు, రాసి ఉంటే నన్ను ఇంట్లోంచి వెలేసేవాడివి. ఇప్పుడు పదిహేడు కిలోలకి దిగింది. టూత్‌బ్రష్ కోసేశాను. దానితో పళ్ళు తోముకుంటుంటే చిన్నపిల్లల బ్రష్ దొంగిలించినట్టుంది.

సంచులు కొనకు. కుట్టించాను. ఫ్రేము మధ్య ఇమిడేది ఒకటి, హ్యాండిల్ మీదికి ఒకటి, సీటు వెనక్కి ఒకటి. నీళ్ళు దిగని గుడ్డే. ఈ పార్సెల్లో పంపుతున్నాను, సైకిల్‌కి కట్టి చూడు. లోపమేదైనా ఉంటే మొహమాటపడకుండా రాయి. పొగడాలనిపిస్తే అదీ రాయి, ఇక్కడ ఒకరు ఎదురు చూస్తున్నారు.

నీ పిడుగు


ఆగస్టు 30

పిడుగూ,

సైకిల్ ఇవాళ లారీలో వేయించాను. బరువు పన్నెండు కిలోల నాలుగు వందల గ్రాములు. నీ కొలతకి సీటు సరిచేసి గీత పెట్టాను, ఆ గీత దాటించకు. ముందు చక్రం నేనే అల్లాను. ముప్పై రెండు పుల్లలు, ఒక్కోటి మీటి చూసి బిగించినవి. అది గుంతలో పడి వంకరపోతే నా దుకాణానికి నువ్వే తాళం వెయ్యి.

సంచుల గురించి. ముప్పై ఏళ్ళుగా సైకిళ్ళ పనిలో ఉన్నాను, కంపెనీలు చేసినవి ఎన్నో చూశాను. ఇలాంటిది చూడలేదు. ఫ్రేము సంచి మూలల్లో బరువు లాగే చోట లోపల రెండో గుడ్డ వేసి అడ్డంగా కుట్టారు. పట్టీ మొదట్లో కుట్టు నాలుగుసార్లు వెనక్కి ముందుకి వెళ్ళింది, దారం కొస ఎక్కడా కనబడదు. జిప్పు మీద వాన జారిపోవడానికి చిన్న రెప్ప కూడా పెట్టారు, అది నేను చెప్పకుండానే. ఇది చూసి కాసేపు చేతిలో పని పక్కన పెట్టేశాను. ఎవరి చేతులో గానీ, ఆ చేతులకి దండం పెట్టాలి. నేనన్నానని చెప్పు.

ఇక టెంటు. ఇద్దరికి ఒకటే, కిలోన్నర లోపు. ఇద్దరు వెళ్ళేటప్పుడు పద్ధతేమిటంటే ఒకరి మీద అంతా మోపకూడదు. గుడ్డ ఒకరి దగ్గర, రాడ్లూ మేకులూ ఇంకొకరి దగ్గర. పొయ్యి ఒకరిది, గిన్నె ఇంకొకరిది. పంపు ఒకరిది, పంక్చర్ సామాను ఇంకొకరిది. అందుకని నీ వంతు పంపాను: టెంటు గుడ్డ, పొయ్యి, పంపు, నీ స్లీపింగ్ బ్యాగు. రెండో మనిషి వంతు ఇక్కడే ఉంచాను. బయల్దేరే రోజుకి చేరుతుంది, దిగులు పెట్టుకోకు.

రోజూ పొద్దున్నే నేనూ పదిహేను కిలోమీటర్లు తొక్కుతున్నాను. బెల్టుకి కొత్త బెజ్జం పడింది, లోపలి వైపు.

అన్నయ్య


సెప్టెంబరు 8

అన్నయ్యా,

సైకిల్ దిగింది. ఆసుపత్రి వెనక గేటు నుంచి రైలు పట్టాల దాకా తొక్కాను. సీటు మీద కూర్చుంటే ఎవరో వెనక నుంచి నెమ్మదిగా తోస్తున్నట్టుంది. మా నర్సులందరూ ఒక్కో రౌండు వేశారు. ఒకావిడ పూలకుండీని గుద్దింది. చక్రానికి ఏమీ కాలేదు, కుండీయే పోయింది.

అసలు సంగతి. నీ ఉత్తరం వదినకి చదివి వినిపించాను. "ఎవరి చేతులో గానీ" అని కొంటెగా రాశావు చూడు, ఆ మాట దగ్గర నేను నవ్వాను గానీ తను నవ్వలేదు. మళ్ళీ ఒకసారి చదవమంది. చదివాను. ఆ కాగితం ఇమ్మని అడిగి తీసుకుని, మిషను సొరుగులో పెట్టుకుంది. ఆ తర్వాత టీ పెట్టడానికి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు.

మీ ఇద్దరి మధ్యా ఏదో అతుక్కుంటుందని నేను ఆశపడటం లేదు. అంత పిచ్చిదాన్ని కాను. కానీ తనతో కలిసి వెళ్తున్నానని తెలిసి కూడా నువ్వు ఇంత మనసు పెట్టి సామాను చూస్తున్నావే, అది మాత్రం నేను మర్చిపోను.

రాడ్లూ గిన్నే బయల్దేరే రోజు దాకా ఎందుకు? ముందే పంపితే ఒకసారి టెంటు వేసి చూసుకుంటాం. వదిన అడ్రసుకే పంపినా సరే, కింద రాశాను. తన సైకిల్‌కి బ్రేకు రబ్బర్లు కొత్తవి కావాలి. నువ్వు పెళ్ళైన కొత్తలో కట్టిచ్చిందే అది, ఇంకా బంగారంలా ఉంది.

నీ పిడుగు


సెప్టెంబరు 14

చెల్లెమ్మకి,

రెండో మనిషి నేనే అనుకున్నాను.

రెండో సైకిల్ నేను కట్టిందే అన్నావు. నా దారి, నా మ్యాపు అన్నావు. నాకు కోపం వస్తుందని భయపడ్డానన్నావు, ఇన్నేళ్ళూ నన్ను పిలవనందుకనుకున్నాను. షాపు ముందు బోర్డు రాయించి పెట్టాను, నవంబరు అయిదు నుంచి పదహారు దాకా మూసి ఉంటుందని. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను, మా చెల్లెలు నన్ను తీసుకెళ్తోందని. ఎదురు షాపాయన నాకోసం టోపీ కూడా కొనిచ్చాడు. ఇప్పుడు ఆయనకి ఏమని చెప్పను?

మూడేళ్ళ క్రితం ఆవిడ పెట్టె సర్దుకుని వెళ్ళినప్పుడు ఈ గుమ్మంలో నా పక్కన నిలబడింది నువ్వొక్కదానివే. నాకు మిగిలిందీ నువ్వొక్కదానివే. నన్ను అడిగి, నా చేత చేయించుకుని, నా చేతి సామానుతో ఆవిడతో వెళ్తావా? సామాను కావాలి, మనిషి అక్కర్లేదు. సైకిల్ షాపుకి అందరూ అందుకే వస్తారు. నువ్వూ వచ్చావు.

బ్రేకు రబ్బర్లు బజార్లో దొరుకుతాయి.

అన్నయ్య


సెప్టెంబరు 22

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి మొదట సిగ్గుపడ్డాను. నిజం చెబితే సామాను పంపవని భయపడ్డాను, అందుకే దాచాను. అది తప్పే. నీ బోర్డు గురించి చదివినప్పుడు అన్నం సహించలేదు. దానికి నన్ను ఎంత తిట్టినా పడతాను.

కానీ మిగతాది పడను.

రెండేళ్ళ క్రితం వదిన మణికట్టు వాచి మా ఎక్స్‌రే గదికి వచ్చింది. యూనిఫారాలు కుట్టే చోట రోజుకి పది గంటలు మిషను మీద. నన్ను చూసి వెనక్కి వెళ్ళిపోబోయింది. నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆ రోజు నీ గురించి ఒక్క మాట చెడుగా అనలేదు. నేనే ఎదురు చూశాను, అంటుందేమో, అంటే పోట్లాడదామని. చివరికి అడిగింది ఒక్కటే: "మీ అన్నయ్య ఆ కొండదారికి వెళ్ళాడా?"

ఆ దారి నాది, నాది అంటున్నావు. పదకొండేళ్ళు ఆవిడకి మాటిచ్చిన దారి అది. మొదటి ఏడు షాపు కొత్తది. రెండో ఏడు సీజను బాగుంది. మూడో ఏడు సీజను బాలేదు. ప్రతి ఏడూ ఆవిడ తన సైకిల్ తుడిచి, నూనె వేసి పెట్టుకోవడం, నువ్వు దాన్ని మళ్ళీ గోడకి తగిలించడం. నేను నీ పక్కన గుమ్మంలో నిలబడ్డ రోజున నాకు ఇవేవీ తెలియవు. నువ్వు చెప్పింది విన్నాను, ఆవిడని అడగలేదు.

సంచుల కుట్టు చూసి పని పక్కన పెట్టేశానన్నావు. నీ షాపు స్టూలు మీది కవరు ఎవరు కుట్టారనుకున్నావు? నువ్వు రోజూ కట్టుకునే ఆ గ్రీజు ఆప్రాను? నీ పరుపు మీది దుప్పటి అంచు? పదకొండేళ్ళు ఆ కుట్టు మీదే కూర్చున్నావు, ఆ కుట్టు కిందే పడుకున్నావు. పేరు తెలియనప్పుడు దండం పెట్టావు. నువ్వు ఆ మాట తెలియక రాశావని నేను ఇంకా ఆవిడకి చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

రాడ్లు పంపు అన్నయ్యా. మాట మాట్లాడకపోయినా పరవాలేదు. రాడ్లు పంపు.

నీ చెల్లెలు


అక్టోబరు 1

చెల్లెమ్మకి,

ఆప్రాను చూశాను. ఇప్పుడే విప్పి చూశాను. నిజమే.

దానివల్ల ఏమీ మారదు. నాకు కుట్టు గురించి పాఠం చెప్పడానికి నువ్వెవరు? ఆవిడ నన్ను వదిలి వెళ్ళింది, నేను ఎవరినీ వదల్లేదు. పదకొండేళ్ళు షాపు నడిపింది ఆ ఇల్లు నిలవడానికే. అది నీకు ఆవిడ చెప్పి ఉండదు.

ఒక్క మాట. రాడ్లు, గిన్నె, పంక్చర్ సామాను, రెండో స్లీపింగ్ బ్యాగు, అన్నీ కట్టి ఇక్కడే ఉన్నాయి. నాలుగు కిలోల మూడు వందల గ్రాములు. నువ్వు నాతో వస్తే అవి నా సైకిల్ మీద వస్తాయి. ఆవిడతో వెళ్తే రావు. ఎవరో ఒకరిని ఎంచుకో. ఇన్నాళ్ళూ నేను ఎవరినీ ఎంచుకోమని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

రాడ్లు లేకుండా ఆ గుడ్డతో నువ్వు చేయగలిగింది కప్పుకోవడమే.

అన్నయ్య


అక్టోబరు 8

అన్నయ్యా,

టెంటు గుడ్డ ఈ పార్సెల్లో తిప్పి పంపుతున్నాను. పొయ్యి, పంపు కూడా. స్లీపింగ్ బ్యాగు ఉతికించి అందులోనే పెట్టాను. సైకిల్ మాత్రం ఇవ్వను. అది నా కాళ్ళకి కొలిచి కట్టావు, ఇంకెవరికీ పనికిరాదు.

టార్పాలిన్ ఒకటి తెచ్చాం. వదిన అంచుల్లో ఉంగరాలు కుట్టింది. రెండు సైకిళ్ళనీ ఎదురెదురుగా నిలబెట్టి వాటికే కట్టేస్తాం. బాగానే నిలుస్తోంది, పెరట్లో చూశాం. సామాను పదమూడు కిలోలకి తేలింది. నువ్వు చెప్పినదానికన్నా కిలో తక్కువ.

నీ ఉత్తరం విషయం వదినకి చెప్పాను. నువ్వు ఎవరిదో అనుకుని పొగిడావని. ముందు చేతిలో ఉన్న ఉంగరం కుట్టడం పూర్తి చేసింది. తర్వాత, "అయితే ఆ పొగడ్త ఇంకా నిజమే కదా" అంది. సొరుగులోంచి ఆ కాగితం తియ్యలేదు.

నవంబరు అయిదు, పొద్దున ఏడింటికి, పాత టోల్‌గేటు దగ్గర నుంచి బయల్దేరుతున్నాం. నీ మొహం మీద తలుపు వేసి వెళ్ళాలని నాకు లేదు. వస్తే రా. రాడ్లు తెచ్చినా తేకపోయినా రా. ఒక్క మాట చెప్పి పంపించు, చాలు. వదినకి అభ్యంతరం లేదు, నేను అడిగాను.

నీ పిడుగు


నవంబరు 11

అన్నయ్యా,

ఇది ఏదో చిన్న ఊరి ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. నాకేమీ కాలేదు. వదిన పడింది.

నాలుగో రోజు. ఎక్కుడంతా అయిపోయింది, అన్నయ్యా. నువ్వు మ్యాపులో చుక్క పెట్టిన కనుమ మీద కూర్చుని రొట్టె తిన్నాం. వదిన అక్కడ ఒక రాయి మీద కాళ్ళు చాపుకుని, "ఇంతేనా, దీనికా పదకొండేళ్ళు" అని నవ్వింది. ఆ నవ్వు నీకు వినిపించి ఉంటే బాగుండేది అనిపించింది, కోపంతో కాదు, నిజంగానే.

దిగుడులో తను ముందు, నేను వెనక. రెండో మలుపులో వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. సైకిల్ అడ్డం తిరిగింది, తను హ్యాండిల్ మీదుగా పడి రాళ్ళలోకి జారింది. నేను వెళ్ళి చూసేసరికి సీటు సంచి పట్టీ కొస చక్రంలో చుట్టుకుని ఉంది. బిగించాక మిగిలిన కొసని లోపలికి దోపాలి కదా, అది దోపలేదు. ఎప్పటినుంచి వేలాడుతోందో తెలియదు. రోజూ సాయంత్రం సంచి విప్పకుండా సైకిల్‌కే ఉంచేసేవాళ్ళం, టార్పాలిన్ కింద అది తడవకుండా ఉండేది. అందుకే మళ్ళీ ఎవరమూ చూసుకోలేదు. నేను వెనకే వస్తున్నాను, నాకూ కనబడలేదు. నాలుగు రోజులు నా కళ్ళ ముందే ఉంది.

కుడి చెయ్యి. మోచేతి దగ్గర మూడు ముక్కలు. ఇక్కడి ఎక్స్‌రే ఆయన బయట నిలబడమన్నాడు. నేనూ అదే పని చేస్తానని చెప్పి లోపలికి వెళ్ళాను. ఫిల్ము నేనే వెలుగులో పెట్టి చూశాను. చూడగానే తెలిసింది. డాక్టరు తర్వాత చెప్పింది నాకు ముందే తెలుసు: చెయ్యి ఇక పూర్తిగా చాపడం కుదరదు, అరచెయ్యి పూర్తిగా తిప్పడం కుదరదు. మిషను పని సంగతి అడిగితే ఆయన మాట మార్చాడు. నేను అలా ఎంతమంది దగ్గర మాట మార్చానో గుర్తొచ్చింది.

నిన్ను దెప్పడానికి రాయడం లేదు. నువ్వు రాలేదని ఆ రోజు ఏడుంపావు దాకా ఆగాం. వదినే ఆగుదామంది. బస్సు ఆలస్యమైందేమో అంది. తర్వాత బయల్దేరాం.

నిన్న మత్తు దిగాక తను అన్న మొదటి మాట రాస్తున్నాను. నాకు కోపమొచ్చింది గానీ, నీకు చెప్పకుండా ఉండలేను. "మీ అన్నయ్య అక్కడ ఉండి ఉంటే చూసేవాడు. వేలాడే పట్టీ ఆయన కంట పడకుండా పోదు" అంది.

ఇంటికి ఎల్లుండి తీసుకెళ్తున్నాను. మా ఇంటికే.

నీ చెల్లెలు


నవంబరు 17

పిడుగూ,

చూశాను.

అయిదో తారీఖు మొదటి బస్సుకే వచ్చాను. ఆరున్నరకి టోల్‌గేటు దగ్గర దిగాను. రాడ్లు, గిన్నె, అన్నీ గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాను. ఇచ్చేసి వెళ్దామనే వచ్చాను. మీరు ఇంకా రాలేదు. రోడ్డుకి అవతల మూసి ఉన్న టికెట్ గది ఉంది, దాని వెనక నీడలో నుంచున్నాను. మీరు రాగానే బయటికి రావాలనుకున్నాను.

మీరు వచ్చారు. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. నువ్వు ఆవిడ సైకిల్ పట్టుకున్నావు, ఆవిడ సీటు సంచి కట్టింది. పట్టీ బిగించింది. కొస జానెడు కిందికి వేలాడుతోంది, చక్రానికి రెండు వేళ్ళ దూరంలో. నీకు కనబడలేదు, ఆవిడకి కనబడలేదు. రోడ్డు అవతల నుంచి నాకు కనబడింది. నా చేతులు వాటంతటవే కదిలాయి. నోటిదాకా వచ్చింది పిలుపు.

ఆగాను. ఎందుకు ఆగానో రాస్తున్నాను, అబద్ధం రాయను. అది చక్రంలో పడితే పట్టీ తెగుతుంది, సంచి జారుతుంది, మహా అయితే ఒక గంట రోడ్డు పక్కన కూర్చుని తిప్పలు పడతారు అనుకున్నాను. పడనీ అనుకున్నాను. ఆ గంటలో ఇద్దరూ నన్ను తలుచుకుంటారని అనుకున్నాను. అంతే అనుకున్నాను, పిడుగూ. దిగుడు సంగతి నాకు తెలియదా? ఆ దారి గీసింది నేనే. రెండో మలుపు ఎంత వాలుగా ఉంటుందో నా మ్యాపులోనే రాసి ఉంది. ఆ సంగతి ఆ క్షణంలో నేను తలుచుకోలేదు. తలుచుకోకూడదనుకున్నాను.

మీరు ఏడుంపావు దాకా ఆగారని నువ్వు రాశావు. నాకు తెలుసు. ఆవిడ రెండుసార్లు బస్టాపు వైపు చూసింది. నేను కదల్లేదు. మీరు మలుపు తిరిగాక వచ్చిన బస్సు ఎక్కి షాపుకి వెళ్ళి, బోర్డు పీకేసి, సాయంత్రం దాకా పంక్చర్లు వేశాను. బాగానే వేశాను.

ఆ చేతుల గురించి నాకు ఇంకేమీ రాయకు, నేను చదవలేను.

ఈ మాట ఆవిడకి చెప్పు. నన్ను క్షమించమని అడగడానికి కాదు, అడగను. నువ్వు చెప్పకపోతే ఆవిడ ఇంకా నేను అక్కడ ఉంటే చూసేవాడినని అనుకుంటూనే ఉంటుంది, నేనూ మెల్లగా అలాగే నమ్మేస్తాను. నువ్వు దాచితే నేను హాయిగా బతికేయగలను. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే రాస్తున్నాను.

అన్నయ్య